పని చోట ప్రమాదం: పరిహారం ఎంత, ఎవరివ్వాలి, ఎలా రాబట్టుకోవాలి

పనిలో గాయపడినవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ముందుగా ఒక్క సంగతి. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం (2010 దాకా దీని పేరు వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం) స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ వచ్చింది. అయితే ప్రమాదం జరిగిన రోజున ఏ చట్టం ఉందో దాని ప్రకారమే పరిహారం లెక్క కడతారు. కింది ప్రశ్నల్లో ఒకటి తప్ప మిగతావన్నీ ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలే. కాబట్టి వాటికి పాత చట్టం సెక్షన్లే చెబుతున్నాం.

ప్రశ్న: చిన్న వర్క్‌షాపు, ఆరుగురం పని చేస్తాం. 2025 మార్చిలో పవర్ ప్రెస్ కింద పడి నా కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా పోయాయి. వయసు 28, జీతం నెలకు 14,000. ఆస్పత్రి బిల్లు యజమానే కట్టాడు. ఇప్పుడేమో "గార్డు తీసేసి పని చేశావు, తప్పు నీదే, బిల్లు కట్టడమే ఎక్కువ" అంటున్నాడు. నాకేమైనా వస్తుందా?

జవాబు: వస్తుంది. ఈ చట్టంలో "తప్పు ఎవరిది" అన్నదానితో పెద్దగా పని లేదు. ప్రమాదం పని కారణంగా, పని సమయంలో జరిగిందా లేదా అన్నదే చూస్తారు. ఏమరుపాటు, తొందరపాటు, అలసట వంటివి పరిహారానికి అడ్డు కావు.

గార్డు మాట మాత్రం తేలిగ్గా తీసుకోకండి. భద్రత కోసం పెట్టిన గార్డు అని తెలిసి, కావాలని దాన్ని తీసేస్తే యజమానికి బాధ్యత ఉండదని 3వ సెక్షన్ చెబుతోంది. ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి అశక్తత వచ్చినా ఈ సాకు చెల్లదు గానీ, మీది పాక్షిక అశక్తత కాబట్టి యజమాని లాయరు దీన్నే పట్టుకుంటారు. రుజువు చేయాల్సిన భారం మాత్రం యజమానిదే. పీసులు త్వరగా దిగాలని షిఫ్టులో అందరూ గార్డు లేకుండానే నడుపుతున్నారా? ఫోర్‌మన్‌కు తెలిసే జరుగుతోందా? తీయొద్దని రాతపూర్వకంగా గానీ బోర్డు మీద గానీ ఎక్కడైనా ఉందా? మిషనుకు అసలు గార్డు ఎప్పుడైనా ఉందా? ఇవి మీ వైపు సాక్ష్యంగా రావాలి. తోటివాళ్లలో ఒక్కరు వచ్చి "మా అందరికీ అలాగే నడపమని చెప్పారు" అంటే చాలు, ఆ వాదన బలం తగ్గిపోతుంది. మిషను ఫోటోలు ఉంటే దాచుకోండి. ప్రమాదం జరిగిన వారంలోనే కొత్త గార్డు బిగించి "ఎప్పటి నుంచో ఉంది" అనడం మామూలే.

ఇక లెక్క. శాశ్వతంగా పూర్తి అశక్తత అయితే నెల వేతనంలో 60 శాతాన్ని వయసుకు తగిన గుణకంతో హెచ్చిస్తారు. 28 ఏళ్లకు గుణకం 211.79. 14,000లో 60 శాతం 8,400. దాన్ని 211.79తో హెచ్చిస్తే రూ.17,79,036. ఒక చేతికి రెండు వేళ్లు పోతే సంపాదనా శక్తి 20 శాతం తగ్గినట్టు చట్టం మొదటి షెడ్యూలు చెబుతోంది. అంటే మీకు రావలసింది సుమారు రూ.3,55,807. చికిత్సకు యజమాని పెట్టిన డబ్బును ఇందులోంచి తగ్గించుకోవడానికి వీల్లేదు, అది విడిగా ఆయన బాధ్యతే. కట్టు విప్పేదాకా పనిలోకి వెళ్లలేకపోయిన కాలానికి పదిహేను రోజులకోసారి నెల వేతనంలో నాలుగో వంతు, అంటే మీకు రూ.3,500 చొప్పున ఇవ్వాలి.

ఆ 20 శాతంతోనే ఆగిపోవాలా? మిగిలిన వేళ్లు కూడా బిగుసుకుపోయి పట్టు పోయిందంటే ఆగక్కర్లేదు. ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేసిన ఒక వడ్రంగికి, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నూరు శాతం అశక్తత కింద లెక్కగట్టడం సరైనదేనని సుప్రీంకోర్టు 1975లో తేల్చింది. అంటే శరీరంలో ఎంత పోయిందన్నది ఒక్కటే కాదు, చేసే పనిలో ఎంత పోయిందన్నదీ చూస్తారు. డాక్టరు "అశక్తత ఇంత శాతం" అని మాత్రమే రాసిస్తే చాలదు. మీరు ప్రెస్ ఆపరేటర్ అని చెప్పి, ఆ పనికి సంబంధించి సంపాదనా శక్తి ఎంత తగ్గిందో రాయమని అడగండి. అవసరమైతే ఆ డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. సర్టిఫికెట్ దాఖలు చేసి డాక్టరును పిలవకపోవడం వల్ల దెబ్బతిన్న కేసులు తక్కువేం కాదు.

ప్రశ్న: మా ఆయన తాపీ మేస్త్రీ. 2025 జనవరిలో అపార్ట్‌మెంటు కడుతుంటే నాలుగో అంతస్తు పరంజా మీది నుంచి పడి చనిపోయాడు. వయసు 35, రోజుకు 900 కూలి. ఇద్దరు పిల్లలు, మా అత్తగారు (ఆవిడకూ భర్త లేరు) మాతోనే ఉంటారు. కాంట్రాక్టరు మూడు లక్షలిచ్చి, ఇక ఏ హక్కూ లేదని స్టాంపు పేపరు మీద నా సంతకం తీసుకున్నాడు. అందులోనూ ఆయన తీసుకున్న 80,000 అడ్వాన్సు పట్టుకున్నాడు. బిల్డరేమో "కాంట్రాక్టరును అడగండి, నాకు సంబంధం లేదు" అంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరంలో యజమానుల పక్షాన మూడు పొరపాట్లు ఉన్నాయి. మూడూ మీకే కలిసొస్తాయి.

మొదటిది ఆ స్టాంపు పేపరు. హక్కులు వదులుకుంటున్నట్టు ఎలాంటి ఒప్పందం రాయించుకున్నా 17వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు. మరణించిన కేసులో పరిహారాన్ని నేరుగా కుటుంబం చేతిలో పెడితే చట్టం దృష్టిలో ఇచ్చినట్టే కాదు, కార్మిక శాఖలోని నష్టపరిహార కమిషనర్ దగ్గర జమ చేయాలి (8వ సెక్షన్). ఒక్క మినహాయింపు ఉంది: మూడు నెలల వేతనానికి మించకుండా ముందుగా ఇచ్చిన సొమ్మును పరిహారంలోంచి మినహాయించుకోవచ్చు. అందుకని ఆ మూడు లక్షల సంగతి దరఖాస్తులో దాచకండి, తీసుకున్నట్టే రాయండి. దాస్తే మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది.

రెండోది అడ్వాన్సు. పరిహారం నుంచి బాకీలు పట్టుకోవడానికి 9వ సెక్షన్ ఒప్పుకోదు. వలస కూలీల విషయంలో అడ్వాన్సు చూపించి కుటుంబాన్ని బెదిరించడం సైట్ల మీద అలవాటైపోయింది. ఆ 80,000 నిజంగా బాకీ అయినా సరే, ఈ డబ్బులోంచి రాబట్టుకునే హక్కు అతనికి లేదు. బయటి అప్పులవాళ్లు కూడా ఈ డబ్బును జప్తు చేయించలేరు.

మూడోది బిల్డరు. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పజెప్పినా, తన ఆధీనంలోని స్థలంలో ప్రమాదం జరిగితే ప్రధాన యజమానిగా బిల్డరే పరిహారం కట్టాలి. కట్టాక కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం ఆయన తంటా. ఇది 12వ సెక్షన్. దరఖాస్తులో ఇద్దరినీ ప్రతివాదులుగా చూపించండి. కాంట్రాక్టరు ఒక్కడి మీదే వేస్తే ఆర్డరు వచ్చేసరికి అతను ఊరొదిలిపోయి ఉండొచ్చు, బిల్డరైతే కట్టిన అపార్ట్‌మెంటును వదిలి పోలేడు. సైటుకు బీమా పాలసీ ఉందేమో కనుక్కుని, ఉంటే బీమా కంపెనీనీ చేర్చండి. (ఇతర పాఠకులకు ఒక గమనిక: ఎవరైనా సొంతిల్లు కట్టుకుంటూ మేస్త్రీకి గుత్తకిస్తే ఈ సెక్షన్ వర్తించడం కష్టం, ఇల్లు కట్టడం ఆ ఇంటాయన వ్యాపారం కాదు గనుక. అక్కడ బాధ్యత గుత్త తీసుకున్న మేస్త్రీదే.)

డబ్బు లెక్క చూద్దాం. మరణానికైతే నెల వేతనంలో 50 శాతాన్ని గుణకంతో హెచ్చించాలి. రోజుకు 900 చొప్పున నెలకు 15,000 దాటినా, 2020 జనవరి 3 నుంచి లెక్కకు తీసుకునే గరిష్ఠ వేతనం 15,000 మాత్రమే. సగం 7,500. 35 ఏళ్లకు గుణకం 197.06. వెరసి రూ.14,77,950. అంత్యక్రియలకు కనీసం రూ.5,000 దీనికి అదనం. పరిహారం ప్రమాదం జరిగిన రోజునే బాకీ పడుతుందన్నది సుప్రీంకోర్టు ఎప్పుడో స్పష్టం చేసిన మాట. నెలలోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ, అంటే మీ లెక్కలో ఏడాదికి రూ.1,77,354. సరైన కారణం లేకుండా ఆపితే అసలులో సగం దాకా, అంటే రూ.7,38,975 వరకు జరిమానా వేసే అధికారం కమిషనర్‌కు ఉంది. జరిమానా కూడా మీకే చేరుతుంది. అయితే దరఖాస్తులో వడ్డీ, జరిమానా రెండూ విడివిడిగా అడగాలి. జరిమానా వేసే ముందు యజమానికి నోటీసిచ్చి కారణం అడుగుతారు కాబట్టి, మీరు అడక్కపోతే ఆ విషయం చర్చకే రాదు.

దరఖాస్తు ఎక్కడ వేయాలంటే, మన రెండు రాష్ట్రాల్లోనూ కార్మిక శాఖ అధికారులే ఈ చట్టం కింద కమిషనర్లుగా వ్యవహరిస్తారు. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు ఉంటున్న చోట గానీ వేయొచ్చు. సొంతూరికి తిరిగి వెళ్లిపోయినవాళ్లు అక్కడి లేబర్ ఆఫీసులోనే వేసుకోవచ్చు, వాయిదాలకు పట్నం తిరగనక్కర్లేదు. గడువు మరణించిన రోజు నుంచి రెండేళ్లు. దాటితే కారణం చెప్పి ఆలస్యాన్ని మన్నించమని కోరవచ్చు, కానీ అంతదాకా తెచ్చుకోకండి.

జత చేయాల్సినవి: ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, ఆయన ఆధార్ లేదా పదో తరగతి మెమో, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, కూలి ఇచ్చినట్టు ఆధారం. చేతికిచ్చే కూలికి రుజువేదని భయపడకండి. ఫోన్‌పే చెల్లింపులు, మేస్త్రీ రాసుకునే హాజరు పుస్తకం ఫోటో, వాట్సాప్ సందేశాలు, పక్కన పని చేసినవాళ్ల మాట ఇవన్నీ పనికొస్తాయి. వయసు విషయంలో జాగ్రత్త. ఆధార్‌లో ఒకటి, పోస్టుమార్టం రిపోర్టులో "సుమారు 40" అని ఇంకొకటి ఉంటే బీమా లాయరు రెండోదే పట్టుకుంటారు. 40 ఏళ్లకు గుణకం 184.17 అవుతుంది. మీ లెక్కలో తేడా దాదాపు లక్ష రూపాయలు.

పంపకం గురించి ఇంట్లో గొడవ వద్దు. మీరు, మైనరు పిల్లలు, భర్త లేని మీ అత్తగారు అందరూ చట్టం ప్రకారం ఆధారపడినవారే. ఎవరికెంతో కమిషనరే నిర్ణయిస్తారు. పిల్లల వాటాను సాధారణంగా బ్యాంకు డిపాజిట్‌లో ఉంచుతారు. పేర్లన్నీ దరఖాస్తులో రాయండి, అత్తగారిని వదిలేస్తే తర్వాత ఆవిడ విడిగా పిటిషన్ వేసి మీ ఆర్డరునే ఆపించే ప్రమాదముంది.

లాయరు ఖర్చుకు వెనకాడుతుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఫోన్ నంబరు 15100. మీ ఆయన భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదై ఉంటే అక్కడి నుంచి వచ్చే సాయం వేరు. అది వచ్చిందని ఈ పరిహారం తగ్గదు.

ప్రశ్న: మా సంఘంలోని కూలీలు ప్రమాదమైన రోజున హడావుడిలో ఏదో ఒకటి చెప్పేస్తారు, తర్వాత కేసు నిలవదు. మొదటి రెండు మూడు రోజుల్లో ఏం చేయాలో చెబుతారా?

జవాబు: అన్నిటికన్నా ముఖ్యం ఆస్పత్రిలో చెప్పే మొదటి మాట. ఎలా జరిగిందని అడిగి డ్యూటీ డాక్టరు కేస్ షీటులో ఒక్క లైను రాస్తారు. కేసు భవిష్యత్తు సగం దాని మీదే ఉంటుంది. పోలీసు గొడవ ఉండదని యజమాని మనిషే పక్కన నిలబడి "ఇంట్లో మెట్ల మీద జారాడు" అని చెప్పిస్తాడు. ఏడాది తర్వాత బీమా కంపెనీ ఆ కేస్ షీటు కాపీతోనే వస్తుంది. కాబట్టి "ఫలానా చోట, ఫలానావారి దగ్గర పని చేస్తూ, ఫలానా మిషను మీద" అని రాసేలా చూడండి. మెడికో లీగల్ కేసుగా (ఆస్పత్రి పోలీసులకు తెలియజేసే కేసు) నమోదు చేయమనండి. ముందే తప్పు రాయించేసి ఉంటే, గాయపడిన మనిషి తెలివిలోకి రాగానే రాతపూర్వకంగా సరిచేయమని కోరి, ఆ కాగితం మీద ఆస్పత్రి ముద్ర వేయించుకోండి.

తర్వాత యజమానికి నోటీసు. పేరు, తేదీ, గాయానికి కారణం ఉంటే చాలు, తెల్ల కాగితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నోటీసు లేదని పరిహారం పోదు గానీ, ఉంటే "ప్రమాదం సంగతి నాకు తెలియదు" అనే మాటకు తావుండదు. యజమాని తన ఖర్చుతో డాక్టరు పరీక్ష చేయిస్తానంటే కాదనకండి. నిరాకరిస్తే ఆ కాలానికి పరిహారం ఆగిపోవచ్చు. పరీక్ష చేయించుకోవడం వేరు, ఆ డాక్టరు చెప్పినదానికి ఒప్పుకుని సంతకం పెట్టడం వేరు.

ప్రాణం పోయినా, తీవ్రంగా గాయపడినా ఫ్యాక్టరీలు, ఇతర సంస్థలు ఏడు రోజుల్లోగా కమిషనర్‌కు నివేదిక పంపాలి. పంపారో లేదో సమాచార హక్కు కింద లేబర్ ఆఫీసులో అడిగి తెలుసుకోవచ్చు. పంపి ఉంటే అదే ఒప్పుకోలు. పంపకపోతే దాన్నీ కమిషనర్ దృష్టికి తీసుకెళ్లండి.

రాజీ కుదిరితే తప్పేం లేదు, కాకపోతే దాన్ని కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. మొత్తం మరీ తక్కువగా ఉందనిపిస్తే ఆయన నమోదుకు నిరాకరిస్తారు.

ప్రశ్న: ఫ్యాక్టరీలో నా జీతం 18,000. నెలనెలా ఈఎస్ఐ కోస్తున్నారు, కార్డు మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. చేరిన రెండో నెలలోనే కాలు విరిగింది. "నీ పేరు ఇంకా ఎక్కలేదు, ఈఎస్ఐ రాదు" అన్నారు. నష్టపరిహారం కేసు వేయాలా?

జవాబు: వేయకండి. ఈఎస్ఐ పరిధిలోకి వచ్చేవారు ఉపాధి గాయానికి నష్టపరిహార చట్టం కింద మళ్లీ అడగకూడదు. పదిమంది, ఆపైన పని చేసే ఫ్యాక్టరీల్లో నెలకు 21,000 వరకు వేతనం ఉన్నవారు ఈఎస్ఐ కిందికి వస్తారు. మీరు వస్తారు. జబ్బు సెలవు భత్యానికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు ఉంది గానీ, పనిలో గాయానికి అది లేదు. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా హక్కే. యజమాని నమోదు చేయకపోయినా, కోసుకున్న చందా కట్టకపోయినా నష్టం మీకు కాదు. ఈఎస్ఐ కార్పొరేషన్ మీకు ఇచ్చి ఆయన నుంచి వసూలు చేసుకుంటుంది.

జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లి ప్రమాద నివేదిక తెప్పించమని రాతపూర్వకంగా అడగండి. చికిత్స కాలానికి రోజు వేతనంలో 90 శాతం, మీకు సుమారు రోజుకు 540 వస్తుంది. నష్టపరిహార చట్టంలో వచ్చే సగంతో పోలిస్తే ఇదే మేలు. ఎముక అతికాక శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు శాతం నిర్ణయిస్తుంది. 20 శాతం అన్నారనుకోండి, ఆ 540లో ఐదో వంతు, అంటే రోజుకు 108 చొప్పున జీవితాంతం అందుతుంది. మళ్లీ ఉద్యోగంలో చేరి పూర్తి జీతం తీసుకుంటున్నా ఇది ఆగదు. చాలామంది ఉద్యోగం దొరికింది కదా అని మెడికల్ బోర్డుకే వెళ్లరు. వెళ్లండి.

ప్రశ్న: లారీ డ్రైవరును. నిద్రమత్తులో నేనే చెట్టుకు గుద్దాను. తుంటి ఎముక విరిగింది. తప్పు నాదైతే బీమా రాదంటున్నారు.

జవాబు: మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కు వెళ్తే అదే జరుగుతుంది, తప్పు చేసినవాడికి అక్కడ చోటు లేదు. మీరు యజమాని మీద, లారీ బీమా కంపెనీ మీద నష్టపరిహార చట్టం కింద వేయండి. కునుకు తీయడం నిర్లక్ష్యం అవుతుంది గానీ, కావాలని చేసిన ఉల్లంఘన కాదు. లారీ పాలసీలో జీతం డ్రైవరుకు ఈ చట్టం కింద వచ్చే బాధ్యత చేరి ఉంటుంది. వడ్డీ కూడా బీమా కంపెనీయే కట్టాలి, జరిమానా పడితే మాత్రం అది యజమాని భరించాలి. తాగి నడిపితే వేరే కథ, ఎందుకంటే పాక్షిక అశక్తతకు మత్తు అడ్డొస్తుంది.

ఎదుటి బండిది తప్పైతే ఆలోచన మారుతుంది. ఇక్కడ వేతన పరిమితి 15,000, ట్రైబ్యునల్‌లో ఆ పరిమితి లేదు. రెండింట్లో ఒక్కటే ఎంచుకోవాలి, రెండు చోట్లా వేయకూడదు. ఎదుటివారి తప్పు స్పష్టంగా ఉంటే ట్రైబ్యునలే మేలు.

ప్రశ్న: డ్యూటీలో ఉండగా గుండెపోటుతో చనిపోతే పరిహారం ఉందా?

జవాబు: డ్యూటీలో పోయాడన్నది ఒక్కటే చాలదు. పని ఒత్తిడి గుండెపోటుకు కారణమైందని గానీ, దాన్ని తొందరపెట్టిందని గానీ చూపాలి. నెల్లూరులోని ఒక ప్లాంటు ఉద్యోగి కేసులో, ఆయనకు అప్పటికే జబ్బు ఉండటం, పని స్విచ్చులు వేసి తీసే తేలికపాటిది కావడం చూసి సుప్రీంకోర్టు 2006లో పరిహారం నిరాకరించింది. వరస షిఫ్టులు, ఎండలో బరువులు మోయడం, నిద్ర లేకుండా వందల కిలోమీటర్లు నడపడం వంటివి హాజరు పట్టీలతో, ట్రిప్ షీట్లతో చూపగలిగితే కేసు నిలబడుతుంది.

ప్రశ్న: మా పక్క ఊళ్లో మిరప చేలో మందు కొడుతూ కూలి మనిషి కళ్లు తిరిగి పడిపోయాడు. ఇరవై రోజులు మంచం పట్టాడు. వ్యవసాయ కూలీకి కూడా ఈ చట్టం ఉందా?

జవాబు: అన్ని పొలం పనులకూ లేదు. చట్టం రెండో షెడ్యూలులో ఉన్న పనులకే వర్తిస్తుంది. పురుగుమందులు చల్లడం, ట్రాక్టరు వంటి యంత్రాలతో సేద్యం, తాటిచెట్లు గీయడం, చెట్లు నరకడం అందులో ఉన్నాయి. చేత్తో కలుపు తీయడం లేదు. రోజు కూలీ అన్న కారణంతో తోసిపుచ్చడానికి లేదు, తాత్కాలిక పనివాళ్లను మినహాయించే మాటను 2000లోనే తీసేశారు.

మందు డబ్బా, దాని లేబులు పారేయకుండా ఉంచండి. ఆస్పత్రిలో చేసిన కోలినెస్టరేజ్ రక్త పరీక్ష (కొన్ని రకాల పురుగుమందుల విషం ఒంటికి ఎక్కిందో లేదో చూపేది) రిపోర్టు ఉంటే అదీ ఆధారమవుతుంది. 28 రోజుల లోపు అశక్తతకు మొదటి మూడు రోజులు వదిలేస్తారు. మిగిలిన 17 రోజులకు, నెల వేతనం 15,000 అనుకుంటే సుమారు 4,250 వస్తుంది. అసలు ఉపశమనం ఆస్పత్రి ఖర్చు తిరిగి రావడం. బిల్లులన్నీ ఉండాలి. ఒక మాట నిజాయితీగా చెప్పాలి: రెండెకరాల కౌలు రైతు మీద ఆర్డరు తెచ్చుకున్నా వసూలు కష్టం. అలాంటి చోట కమిషనర్ ముందు నమోదైన రాజీయే ఎక్కువ పని చేస్తుంది.

ప్రశ్న: 2025 డిసెంబరులో డ్యూటీకి బైకు మీద వెళ్తూ మా అన్నయ్యకు యాక్సిడెంట్ అయింది. దారిలో జరిగితే పరిహారం లేదన్నారు. మా తమ్ముడు డెలివరీ యాప్‌లో చేస్తాడు, వాడికీ ఇదే వర్తిస్తుందా?

జవాబు: అన్నయ్యకు పరిహారం ఉంటుంది. కొత్త కోడ్‌లో ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి ప్రయాణంలో జరిగే ప్రమాదాన్నీ పనిలో జరిగినట్టే పరిగణిస్తారు. అయితే సమయం, చోటు, పరిస్థితులు ఉద్యోగంతో ముడిపడి ఉన్నాయని చూపాలి. షిఫ్టు టైము, మామూలుగా వెళ్లే దారి, హాజరు వివరాలు సిద్ధం చేసుకోండి. మధ్యలో సినిమాకు మళ్లి ఉంటే ఆ ముడి తెగుతుంది. ఈఎస్ఐలో ఈ రక్షణ 2010 నుంచే ఉంది. పాత నష్టపరిహార చట్టాన్ని కూడా ఇలాగే చదవాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. కాబట్టి అంతకుముందు దారిలో ప్రమాదమై కేసు నడుస్తున్నవాళ్లు ఆ తీర్పును చూపించుకోవచ్చు.

తమ్ముడి సంగతి వేరు. గిగ్ కార్మికులను కోడ్ విడిగా పెట్టింది. వాళ్లకు పథకాలున్నాయి గానీ యజమాని బాధ్యతగా వచ్చే ఈ పరిహారం లేదు. అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదు చేయించండి. యాప్ కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా షరతులు, ముఖ్యంగా ఆర్డరు చేతిలో ఉన్నప్పుడే వర్తిస్తుందా లాగిన్ అయితే చాలా అన్నది చదవండి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ప్రమాదంలో మరణిస్తే రెండు లక్షలు వస్తాయి.

ప్రశ్న: కమిషనర్ ఆర్డరు వచ్చింది. యజమాని హైకోర్టుకు వెళ్తానంటున్నాడు. మళ్లీ ఏళ్లు పడుతుందా?

జవాబు: వెళ్లడం ఆయన అనుకున్నంత తేలిక కాదు. అప్పీలు 60 రోజుల్లోగా వేయాలి. అందులో ముఖ్యమైన న్యాయ సమస్య ఏదైనా ఉండాలి, "సాక్ష్యాలు మళ్లీ చూడండి" అంటే కుదరదు. అన్నిటికీ మించి, ఆర్డరులోని సొమ్ము కమిషనర్ దగ్గర జమ చేసినట్టు సర్టిఫికెట్ జతచేస్తేనే యజమాని అప్పీలు తీసుకుంటారు. జమ అయిన రోజే విడుదల కోరుతూ దరఖాస్తు పెట్టండి. హైకోర్టు స్టే ఉంటే తప్ప ఆపడానికి కారణం ఉండదు. అప్పీలూ వేయక, డబ్బూ కట్టకపోతే భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు రెవెన్యూ రికవరీ కోసం కమిషనర్‌ను కోరవచ్చు. ఆ దరఖాస్తులో యజమాని ఆస్తుల సర్వే నంబర్లు, వాహనాల నంబర్లు, బ్యాంకు వివరాలు మీకు తెలిసినంతవరకు రాసివ్వండి. అవి లేకుండా పంపిన రికవరీ సర్టిఫికెట్లే తహసీల్దారు ఆఫీసు బీరువాలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి.